లెనిన్ బొమ్మ కనబడితే సర్కారు బొమ్మేనా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో సోవియట్ చిత్రకళ మీద వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. వ్యాసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు దాని నెత్తిన వేసిన రంగుల బొమ్మ సంగతి. "పార్టీ ప్రచారకళకు మచ్చుతునక" అని కింద రాశారు. అది పార్టీ ప్రచారకళ కాదండీ. ఎరిక్ బులాతోవ్ అనే మాస్కో చిత్రకారుడు 1977లో వేసిన 'క్రాసికోవ్ వీధి'. వేసిన రోజుల్లో దాన్ని తన గోడకు తగిలించే సర్కారు గ్యాలరీ ఒక్కటీ లేదు. ఎవరిని తొక్కేశారని మీ వ్యాసం అంత బాధపడిందో, సరిగ్గా వాళ్ళలో ఒకడి బొమ్మను తెచ్చి తొక్కినవాళ్ళ పద్దులో రాశారు. సవరణ వేస్తే సంతోషం. వెయ్యకపోయినా నాకు ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఈ పొరపాటు ఊరికే జరిగింది కాదు. వ్యాసంలోని వాదన ఎక్కడ గాడి తప్పిందో బొమ్మ కూడా అక్కడే తప్పింది.

ఆ బొమ్మను ఇంకొక్కసారి చూడండి. వెడల్పాటి మాస్కో వీధి. నడిచేవాళ్ళంతా మనకు వీపులే చూపిస్తున్నారు, అటువైపు వెళ్ళిపోతున్నారు. వీధి చివర పెద్ద పలక మీద లెనిన్ మాత్రం ఇటు, మనవైపు నడిచొస్తున్నాడు. జనం ఆయన్ను చూడటం లేదు. ఆయన జనాన్ని చూడటం లేదు. వెక్కిరింపు గీత ఒక్కటి లేదు, పోస్టరులో లెనిన్ ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. అలా ఉన్నదున్నట్టు వెయ్యడంలోనే ఉంది సంగతంతా. పోస్టరును పోస్టరుగా, వీధిని వీధిగా వేసి రెంటినీ ఒకే చోట నిలబెట్టాడు. ఆ దేశంలో కొన్నాళ్ళు బతికినవాళ్ళకు ఒళ్ళు జలదరించేంత నిజం అది.

ఇదంతా మాట్లాడటానికి నేనెవరినంటే, కళావిమర్శకుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదవడానికి 1976లో మాస్కో వెళ్ళాను. మా హాస్టల్ నగరం నైరుతి కొసన, మిక్లూహో-మక్లాయ్ వీధిలో. చదువయ్యాక ఇంకొన్నేళ్ళు దుబాసీ పని చేసుకుంటూ అక్కడే ఉన్నాను. బొమ్మల పిచ్చి మొదటినుంచీ ఉంది. అందువల్ల చూసింది కొంత, అక్కడివాళ్ళ నోట విన్నది కొంత, తర్వాత చదివి తెలుసుకున్నది కొంత.

వ్యాసకర్త రెండు గదులు కట్టారు. ఒక గదిలో ప్రభుత్వం చెప్పినట్టు ట్రాక్టర్లూ నాయకులూ వేసి బహుమతులు కొట్టేసిన వాళ్ళు. రెండో గదిలో ఆకలితో అలమటిస్తూ నిజం వేసిన వీరులు. చదవడానికి బాగానే ఉంది. కానీ నేను అక్కడ ఎరిగిన చిత్రకారుల్లో ఒక్కరైనా ఆ రెండు గదుల్లో ఒకదాంట్లో ఇమిడే మనిషి కాదు. ఆ రెండింటి మధ్య గోడ ఎక్కువమంది ఇళ్ళలో పగటికీ రాత్రికీ మధ్య ఉండేది. పగలు వేసేది ఒకటి, రాత్రి వేసేది ఒకటి, వేసే చెయ్యి ఒకటే.

మా హాస్టల్‌కు రెండు స్టాపుల అవతల ఒక ఫ్యాక్టరీ వాళ్ళ సాంస్కృతిక భవనం ఉండేది. అందులో అలంకరణ పని చేసే చిత్రకారుడు నాకు దోస్తు అయ్యాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. నవంబరు 7 విప్లవ దినోత్సవానికి ముందు నెలరోజులూ ఆయనకు ఊపిరి సలిపేది కాదు. పోలిట్‌బ్యూరో, అంటే పార్టీ అగ్రనాయకుల బృందం, సభ్యులందరి మొహాలూ మనిషెత్తు గుడ్డల మీద తయారు కావాలి. చట్రానికి తెల్లటి నూలుగుడ్డ బిగించి, సుద్ద కలిపిన పూత పూసి ఆరబెట్టేవాడు. పంపిణీ అయిన ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు, గుడ్డ మీద బొగ్గుతో పెద్ద గళ్ళు. తర్వాత అసలు పని: గట్టి పందివెంట్రుకల కుంచెకు నల్ల ఆయిల్ రంగు వీసమంత అంటించి, అది కూడా కాగితానికి తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో గుడ్డ మీద గుండ్రంగా రుద్దడమే. రంగు పొగలాగా పట్టుకుంటుంది. వెలుతురు కావలసిన చోట, ముక్కు కొస, నుదురు, కళ్ళజోడు మెరుపు, మామూలు రబ్బరుతో చెరిపేవాడు. 'సుఖాయా కీస్త్', అంటే పొడికుంచె. దూరంనుంచి చూస్తే ఫోటోయే. పదేళ్ళ వయసు తగ్గించడం మాత్రం మరిచిపోకూడదు. గళ్ళు గియ్యడం, గుడ్డ లాగి మేకులు కొట్టడం నాకు అప్పగించేవాడు. దేశాధినేత బ్రెజ్నేవ్ దగ్గరికొచ్చేసరికి తానే కూర్చునేవాడు. "కనుబొమలు కుదిరితే చాలు, మిగతా మొహం ఎవడూ చూడడు" అనేవాడు.

1978 డిసెంబరులో బ్రెజ్నేవ్ పుట్టినరోజుకు సోవియట్ యూనియన్ వీరుడు బిరుదు మరోసారి ఇచ్చారు. అంటే కోటు మీద ఇంకో బంగారు నక్షత్రం. గోదాములో భద్రపరిచిన పటాలన్నీ ఆ ఒక్క దెబ్బతో పాతబడిపోయాయి. మే డే లోపల అన్నిటి మీదా నక్షత్రం ఎక్కాలి. ముందు ఉన్నవాటి పక్కన ఇంకొకటి పట్టించడానికి కోటు అంచును కాస్త పక్కకు జరపవలసి వచ్చింది. మా వాడు రెండు సాయంత్రాలు దాంతో కుస్తీ పట్టాడు, నోరు విప్పి తిట్టలేదు గానీ రబ్బరు అరిగిపోయింది. 1981లో మళ్ళీ ఇంకో నక్షత్రం. అప్పటికి మొత్తం ఐదు.

ఆ పని ముగించి తలుపు గడియ పెట్టి, బీరువా వెనకనుంచి ఒక అట్టల కట్ట తీసేవాడు. పాత పోస్టర్ల వెనకవైపు ఆయిల్ రంగుల్లో వేసుకున్న బొమ్మలు. హీటరు గొట్టాలు, కిటికీ అవతల మంచు, ఖాళీ సీసా. ఒక్క రాజకీయం లేదు, ఒక్క నినాదం లేదు. వీటిని ప్రదర్శనకు ఎందుకు పెట్టవు అని అడిగాను. "దేని గురించి అని అడుగుతారు" అన్నాడు. అంతే. బొమ్మ దేని గురించో చెప్పలేకపోతే ఎంపిక సంఘం దాటదు. ఈయన ఏ గది మనిషి? బ్రెజ్నేవ్ నక్షత్రాలు వేశాడు కాబట్టి సర్కారు మనిషా? హీటరు గొట్టాలు దాచుకున్నాడు కాబట్టి వీరుడా?

మీ వ్యాసంలో "నిషేధం" అనే మాట చాలాసార్లు వచ్చింది. నిషేధాలు లేవని నేననను. కానీ చిత్రకళ విషయంలో ఆ యంత్రం ఎక్కువగా పోలీసు లాఠీతో కాదు, సామాను కొట్టు తాళంచెవితో నడిచింది. 1932 ఏప్రిల్‌లో పార్టీ కేంద్రసంఘం ఒక తీర్మానం చేసి అప్పటిదాకా ఉన్న కళాకారుల సంఘాలన్నిటినీ రద్దు చేసింది. వాటి స్థానంలో ఒక్కో కళకు ఒక్కో సంఘం. 1934లో రచయితల మహాసభలో సోషలిస్టు వాస్తవికతను, అంటే జీవితాన్ని పార్టీ కోరినట్టు చూపించడాన్ని, అధికార పద్ధతిగా ఖాయం చేసి, అన్ని కళలకూ అదే వర్తింపజేశారు. చిత్రకారుల సంఘంలో సభ్యత్వం ఉంటే స్టూడియో కేటాయింపు, మంచి రంగులూ కాన్వాసూ దొరికే దుకాణం, సెనెజ్ సరస్సు ఒడ్డున ఉన్నలాంటి సృజన గృహాల్లో నెలల తరబడి మకాం, సంఘం తరఫున పనిచేసే కళానిధి (ఆర్ట్ ఫండ్) అనే సంస్థ ద్వారా వచ్చే కాంట్రాక్టులు. సభ్యత్వం లేకపోతే చట్టం దృష్టిలో నువ్వు చిత్రకారుడివే కావు. చిత్రకారుడివి కాకపోతే పనేమిటి? పని లేకపోతే 1961లో వచ్చిన "పరాన్నజీవుల" చట్టం ఉండనే ఉంది, ఊరినుంచి తరలించేస్తారు. అందుకే అంతమంది చిత్రకారులు బాయిలర్ గదుల్లో బొగ్గు ఎత్తారు, రాత్రి కాపలా ఉద్యోగాలు చేశారు. ఆస్కార్ రాబిన్ కొంతకాలం రైల్వేలో సరుకులు దింపించే పని చేశాడు. లెనిన్‌గ్రాద్‌లో హెర్మిటేజ్ మ్యూజియం కూలీలుగా పనిచేస్తున్న కుర్రాళ్ళు 1964లో తమ బొమ్మలు అక్కడే పెట్టుకుంటే ప్రదర్శన మూసేసి డైరెక్టర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కూలీల్లో ఒకడు మిహయిల్ షెమ్యాకిన్. ఆయన్ను పిచ్చాసుపత్రిలో కూడా పెట్టారు, చివరికి 1971లో దేశంనుంచే పంపేశారు.

ఈ యంత్రం లోపలే బతుకుతూ, దాని డబ్బుతోనే దాని కంట పడని బొమ్మలు వేసుకున్నవాళ్ళు ఎంతమందో. బులాతోవ్ జీవనోపాధి ఏమిటో తెలుసా? పిల్లల పుస్తకాలకు బొమ్మలు వెయ్యడం. తన స్నేహితుడు ఒలేగ్ వసీల్యేవ్‌తో కలిసి ఏడాదిలో కొన్ని నెలలు పుస్తకాల పని, మిగతా నెలలు సొంత పని. ఇల్యా కబకోవ్ కూడా అంతే, వందకు పైగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాడు, సంఘం సభ్యుడు, స్రేతెన్‌స్కీ బులెవార్ద్‌లో ఒక పెద్ద భవనం అటక మీద ఆయన స్టూడియో. పగలు కుందేళ్ళూ రైళ్ళూ. సాయంత్రం అదే అటక మీద స్నేహితులకు తాను వేసిన ఆల్బంలు ఒక్కో అట్టా తిప్పుతూ చూపించడం. మీ పాఠకుల్లో సోవియట్ పిల్లల పుస్తకాల బొమ్మలు చూసి పెరిగిన తరం ఒకటి ఉంది. ఆ బొమ్మల్లో అంత ప్రేమ ఎక్కడిది అని ఆశ్చర్యపోయినవాళ్ళు చాలామంది. పిల్లల పుస్తకం ఆ దేశంలో కాస్త గాలి ఆడే చోటు, అందుకే మంచి చేతులు అక్కడ చేరాయి. ద్మీత్రీ క్రస్నపేవ్‌త్సెవ్ సినిమా పోస్టర్ల సంస్థలో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసి ఇంటికొచ్చి పగిలిన కూజాలు, గవ్వలు వేసుకునేవాడు. సైన్స్ పుస్తకాలకు బొమ్మలు వేసే ఉలో సోస్తెర్ స్టాలిన్ కాలపు శిబిరంలో ఏళ్ళు గడిపి వచ్చిన మనిషి.

కబకోవ్ పలక ఒకటి చెప్పాలి. 1980లోది. దూరంనుంచి చూస్తే గృహనిర్వహణ కార్యాలయం గోడకు వేలాడదీసే నోటీసు పట్టిక. ఫలానా ఇల్లు, ఫలానా ద్వారం, చెత్త బకెట్ ఏ నెల ఏ తేదీన ఎవరు బయటికి మోసుకెళ్ళాలి, ఇంటిపేర్లతో సహా ఏళ్ళ తరబడి గళ్ళు గళ్ళుగా. గోధుమ, పచ్చ ఎనామెల్ రంగులు, అచ్చం ఆఫీసు వాళ్ళు పూసే రంగులే. మా హాస్టల్ వంటగదిలో స్టవ్ కడిగే వంతుల పట్టిక ఇలాగే ఉండేది, అందుకే తర్వాతెప్పుడో కేటలాగులో ఇది చూసి పగలబడి నవ్వాను. మీ వ్యాసకర్త దీన్ని చూస్తే ఏ పక్షంలో వేస్తారో!

ఇక మానేజ్ గొడవ. 1962 డిసెంబరు 1న మాస్కో క్రెమ్లిన్ పక్కనున్న మానేజ్ ప్రదర్శనశాలకు అప్పటి దేశాధినేత కృశ్చేవ్ వచ్చి అసభ్యంగా తిట్టాడు, శిల్పి ఎర్న్‌స్త్ నెయిజ్‌వెస్త్‌నీ ఎదురుతిరిగి మాట్లాడాడు. ఇంతవరకూ వ్యాసంలో ఉంది, నిజమే. లేనిది చెబుతాను. ఆ ప్రదర్శన అసలు చిత్రకారుల సంఘం మాస్కో శాఖ ముప్పై ఏళ్ళ పండగ. కింది అంతస్తులో ఉన్నవి సంఘం తానే ఎంపిక చేసి తగిలించినవి. తిట్లు మొదలైంది కిందనే. అప్పటికి చనిపోయి నాలుగేళ్ళయిన రాబర్ట్ ఫాల్క్ వేసిన నగ్నచిత్రం మీదా, పావెల్ నీకొనొవ్ వేసిన 'భూగర్భ శాస్త్రజ్ఞులు' మీదా. తర్వాత పైఅంతస్తులో, ఎలీ బెల్యూతిన్ శిష్యుల బొమ్మల దగ్గర, తిట్లు ముదిరాయి. సర్కారు కళా అకాడమీ పెద్దలే కృశ్చేవ్‌ను మెట్లెక్కించి మంట రాజేశారని మాస్కోలో చాలామంది అనుకునేవారు. ఆ ఏడాదే అకాడమీ అధ్యక్ష పదవి సర్కారు పద్ధతిని గట్టిగా సమర్థించే వ్లదీమిర్ సెరోవ్‌కు దక్కింది, మీరే ఆలోచించుకోండి. ఏమైనా ఆ రోజు దెబ్బ తిన్నవాళ్ళలో సంఘం కార్డులున్నవాళ్ళు తక్కువేమీ కాదు.

నెయిజ్‌వెస్త్‌నీ కథ కూడా సగం దగ్గర ఆపేశారు. ఆయన యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డ సైనికుడు. కృశ్చేవ్‌తో తగాదా తర్వాత పనులు దొరక్క ఇబ్బంది పడ్డాడు. కానీ ఊరుకోలేదు. ఆస్వాన్ ఆనకట్ట దగ్గర సోవియట్-అరబ్ స్నేహ స్మారకం ఆయన రూపకల్పనే అంటారు. తుర్క్‌మేనియా రాజధాని అష్కబాద్‌లో కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘం వారి పత్రాల భవనానికి గోడ శిల్పం చేసింది ఆయనే. పార్టీ భవనానికండీ! పదవి పోయి మూల కూర్చున్న కృశ్చేవ్ 1971లో పోతే, సమాధి రాయి చెయ్యమని కుటుంబం అడిగింది ఈయన్నే. తెల్లరాయీ నల్లరాయీ ఒకదానిలో ఒకటి దిగబడినట్టుంటాయి, మధ్య గూట్లో కంచు తల. 1976లో దేశం వదిలి వెళ్ళిపోయాడు. ఈ మనిషి కథను ఒక వాక్యంలో వీరగాథ చేసెయ్యడం ఆయనకు అన్యాయం, అసలు కథ ఇంకా బాగుంది.

మా హాస్టల్ దగ్గరి బెల్యాయెవో పేట సంగతి నాకు ఊరి సంగతి లాంటిది. 1974 సెప్టెంబరు 15న రాబిన్, కోమార్, మెలమీద్, మాస్తెర్‌కొవా, నెముఖిన్, రూఖిన్, ఇంకొందరు చిత్రకారులు అక్కడి ఖాళీ జాగాలో బొమ్మలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్ళేది ఆ తర్వాత రెండేళ్ళకు. ముసురుపట్టిన ఆదివారం. మొక్కలు నాటడానికి వచ్చిన శ్రామికులమని చెప్పుకుంటూ మఫ్టీ వాళ్ళు దిగారు, బుల్‌డోజర్లు వచ్చాయి, వీధులు కడిగే నీళ్ళ లారీలు వచ్చాయి. బొమ్మలు తొక్కారు, తగలబెట్టారు. విదేశీ విలేకరులకూ దెబ్బలు తగిలాయి. ప్రపంచమంతా పేపర్ల మొదటి పేజీలో వచ్చేసరికి సర్కారు తగ్గి, రెండు వారాలకు ఇజ్మాయిలోవో పార్కులో నాలుగు గంటలపాటు ప్రదర్శనకు ఒప్పుకుంది. వేలమంది వచ్చారు. మరుసటి ఫిబ్రవరిలో జాతీయ ఆర్థిక విజయాల ప్రదర్శనశాలలో చోటిచ్చారు, ఎక్కడనుకున్నారు? తేనెటీగల పెంపకం పెవిలియన్‌లో. గడ్డకట్టే చలిలో జనం వరసలు కట్టి చూశారు. 1978లో రాబిన్ పారిస్‌లో ఉండగా పౌరసత్వం రద్దు చేశారు. ఆయన బొమ్మల్లో ఉండేది ఏమిటి? మురికివాడ బారకాసులు, సమోవార్ లాంటి ఇంటి సామాను, పార్టీ పత్రిక ప్రావ్దా మీద ఎండుచేప. చేప ఎలాగూ పేపరు మీదే పెట్టుకుని తినేవారు అక్కడ, ఆయన చూసింది వేశాడు. ఆ దేశంలో దాన్ని మించిన నేరం లేదని తేలింది.

1976 నుంచి గ్రాఫిక్ కళాకారుల నగర సంఘంలో చిత్రకళ విభాగం అని ఒకటి పెట్టి, మాలయా గ్రుజీన్‌స్కయా వీధి 28వ నంబరు భవనం నేలమాళిగ ఇచ్చారు. అంటే అనధికారులకు అధికారికంగా ఒక బేస్‌మెంట్! సభ్యత్వ కాగితం ఇస్తారు కాబట్టి పరాన్నజీవి కేసు ఉండదు, పోలీసులకూ అందరూ ఒకే చోట కనబడతారు. (గాయకుడు విసోత్‌స్కీ ఇల్లు కూడా ఆ భవనంలోనే, కొందరు బొమ్మల వంకతో ఆయన్ను చూడొచ్చని వచ్చేవాళ్ళు.) నేనూ ఆ వరసలో నిలబడి చూశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చాలా చెత్త. ఉల్లిగడ్డ గోపురాలు, కొవ్వొత్తులు, దేవకన్యలు, స్పెయిన్ చిత్రకారుడు దాలీ అచ్చుబొమ్మలు చూసి కాపీకొట్టిన కరిగే గడియారాలు. మూలన ఎక్కడో నెముఖిన్ పేకముక్కల బొమ్మ ఒకటి ఉంటే ప్రాణం లేచొచ్చేది. మూసిన తలుపు వెనక వేసినంత మాత్రాన బొమ్మ గొప్పదైపోదు. రాయబార కార్యాలయాల వాళ్ళు కొనుక్కుపోవడానికి వీలుగా సూట్‌కేసు కొలతకు బొమ్మలు వేసేవాళ్ళు కూడా ఉండేవారు, మాస్కోవాళ్ళే దాన్ని ఎగతాళి చేసుకునేవారు.

అట్లాగే రెండో వైపు. మయకోవ్‌స్కయా మెట్రో స్టేషన్ కప్పుకు అలెగ్జాందర్ దెయినేకా చేసిన మొజాయిక్‌లు సర్కారు కళ కాదా? 1938లో తెరిచిన స్టేషన్. ఐదు కొపెక్కుల టికెట్‌తో దిగితే చాలు, ప్లాట్‌ఫారం మధ్యన నడుస్తూ పోతుంటే ఏమీ కనబడదు. ఒక్కో గుమ్మటం కింద సరిగ్గా ఆగి తల వెనక్కి వాల్చితేనే కోడిగుడ్డు ఆకారపు గూట్లో ఆకాశం తెరుచుకుంటుంది. విమానాలు, పారాచూట్లతో దూకేవాళ్ళు, పళ్ళ కొమ్మలు, దేశం మీద ఒక రోజంతటి ఆకాశం. కిందనుంచి పైకి చూసే కంటికి తగ్గట్టు మనుషుల పాదాలు ముందు, తల చివర. నేల కింద నడిచే జనానికి ఆకాశం ఇవ్వాలని ఒక మనిషికి తోచింది. డబ్బు ప్రభుత్వం ఇచ్చింది. ఆ దెయినేకాను కూడా 1948లో "రూపవాది" అని ముద్రకొట్టి తాను నడుపుతున్న కళాసంస్థ డైరెక్టర్ పదవిలోంచి దింపేశారు. స్టాలిన్ మెచ్చిన అలెగ్జాందర్ గెరాసిమోవ్ గతేమైంది? 1938లో వేసిన 'క్రెమ్లిన్‌లో స్టాలిన్, వొరొషీలొవ్' స్టాలిన్ బహుమతి పొందిన బొమ్మ. 1956లో స్టాలిన్‌ను ఎండగడుతూ కృశ్చేవ్ రహస్య ప్రసంగం చేసిన మరుసటేడు ఆయన అకాడమీ అధ్యక్ష పదవి ఊడింది, స్టాలిన్ బొమ్మలు మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీ నిల్వగదికి పోయాయి. సర్కారు పక్కన పెట్టేసిన మలేవిచ్ వేసిన నల్ల చతురస్రం కూడా అప్పట్లో అదే నిల్వలో ఉండేది. ఎవరి పక్కన ఎవరున్నారో చూసి ఆ కాపలావాడు నవ్వుకున్నాడో లేదో.

లెనిన్‌గ్రాద్ చిత్రకారుడు పావెల్ ఫిలోనోవ్ విషయంలో వ్యాసకర్త చేసింది నాకు కోపం తెప్పించింది. "కమ్యూనిజాన్ని ధిక్కరించిన" జాబితాలో ఆయన పేరుంది. ఫిలోనోవ్ తన్ను తాను కార్మికవర్గ చిత్రకారుడనుకున్నాడు. విప్లవాన్ని నమ్మాడు, తన బొమ్మలు ప్రజలవి కావాలని ఎవరికీ అమ్మలేదు, శిష్యుల దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. 1929లో రష్యన్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన గోడలకు ఎక్కింది, కానీ జనానికి తలుపులు తెరవనివ్వలేదు. టీ, రొట్టె మీద బతికి 1941 డిసెంబరులో లెనిన్‌గ్రాద్ ముట్టడిలో చనిపోయాడు. బొమ్మలన్నీ చెల్లెలు కాపాడి మ్యూజియానికే అప్పగించింది. ఆ ఊళ్ళో జనం వాటిని సరిగా చూసింది 1988లో. నమ్మినవాణ్ణే ఆ రాజ్యం పట్టించుకోలేదు అంటే సరే. ధిక్కరించాడంటే మాత్రం ఆయన నోట్లో మన మాట పెట్టడం.

అదే 1988, జులై 7. మాస్కోలో సోథబీస్ వేలంపాట. సోవియట్ సంస్కృతి మంత్రిత్వశాఖే భాగస్వామి. గ్రీషా బ్రూస్కిన్ బొమ్మ 2,42,000 పౌండ్లకు పోయింది. పద్నాలుగేళ్ళ కిందట బుల్‌డోజరు తోలిన రాజ్యమే ఇప్పుడు పక్కన నిలబడి వాటా లెక్కపెట్టుకుంది. దేశం వదిలి వెళ్ళే చిత్రకారులు తాము వేసిన బొమ్మలు పట్టుకుపోవాలంటే తామే ప్రభుత్వానికి సుంకం కట్టాల్సిన రోజులు అప్పటికి ఎంతో దూరం పోలేదు. మా సాంస్కృతిక భవనం మిత్రుడికి ఆ వేలం వార్త చెబితే, "నా గొట్టాలకు ఎంతిస్తారట?" అన్నాడు.

వ్యాసకర్త రెండో భాగం రాస్తానన్నారు కాబట్టి ఒక సూచన. మాస్కో, లెనిన్‌గ్రాద్ వదిలి ఒకసారి ఉజ్బెకిస్తాన్‌లోని నుకుస్ వైపు చూడమనండి. అరల్ సముద్రం దిక్కున, ఎడారి అంచున ఉన్న ఊరు. 1966లో ఇగోర్ సవీత్‌స్కీ అనే చిత్రకారుడు అక్కడ కరకల్పక్ అనే స్థానిక జాతి కళల మ్యూజియం తెరిచాడు. ప్రభుత్వ మ్యూజియం, ప్రభుత్వ జీతం, స్థానిక అధికారుల అండ. తివాచీలు, నగలు, గుర్రపు జీనులు సేకరిస్తున్నానని చెప్పి అవి నిజంగానే సేకరించాడు. వాటితో పాటు మాస్కో, తాష్కెంట్ చిత్రకారుల ఇళ్ళు తిరిగి, మంచాల కిందా అటకల మీదా పడి ఉన్న 1920లు, 30ల నాటి బొమ్మలు వేలకొద్దీ పట్టుకొచ్చాడు. చాలావరకు అప్పు మీద. డబ్బు వచ్చినప్పుడు ఇస్తానని వితంతువులకు చీటీ రాసిచ్చి బొమ్మ చంకన పెట్టుకుని రైలెక్కేవాడు. 1984లో ఆయన పోయేనాటికి మ్యూజియం ఇంకా బాకీల్లోనే ఉంది. ఆ చీటీల మీద ఉన్నది సర్కారు మ్యూజియం పేరే.

ఇట్లు,
మాస్కోలో చదువుకున్న ఒక రిటైర్డ్ ఇంజనీరు